ఎడమవైపు వెనక స్పీకరు

జూన్ 4

ఆ రోజు ఆయనకి వినబడిందా, లేదా?

ఆరేళ్ళుగా ఈ ప్రశ్న నా దగ్గరే ఉంది. ఇవాళ దీన్ని పైకి తియ్యాల్సిన పని లేదు. హోమ్ థియేటర్ గురించి రాద్దామని కూర్చుంటే కలం దానంతట అదే ఇటు నడిచింది.

బావగారు హాల్లో ఏడు స్పీకర్లు పెట్టించారు. చూడ్డానికి రమ్మంటే వెళ్ళాం. ఒక హెలికాప్టరు గోడలోంచి బయల్దేరి మా తలల చుట్టూ గిరికీలు కొట్టింది. బావగారు సినిమా చూడలేదు, మా మొహాలు చూస్తూ కూర్చున్నారు. తోడికోడలు వంటింట్లోంచి తొంగిచూసి, "ఆ హెలికాప్టరు దిగిందా? టీ తెమ్మంటారా?" అంది.

వచ్చేస్తుంటే గుమ్మం దగ్గర బావగారు మా ఆయన భుజం తట్టి, "మీ హాలుకి ఇన్నెందుకురా, రెండు చాలు," అన్నారు.

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

తిరుగు ప్రయాణంలో కారులో నేను చాలా సంగతులు మాట్లాడాను. మా అమ్మాయి కాలేజీ గురించి, పడకగదిలో చెమ్మ గురించి. ఆయన దేనికీ జవాబు చెప్పలేదు. ఇంటికి రాగానే బూట్లు కూడా విప్పకుండా టేపు తీసి హాలు కొలవడం మొదలుపెట్టారు.

జూన్ 8

షాపు లోపల ఇంకో చీకటి గది. ముగ్గురం వరసగా కూర్చున్నాం. షాపాయన ఊపిరి తీసుకోకుండా మాట్లాడే రకం.

"ఫైవ్ పాయింట్ వన్ అంటే చుట్టూ ఐదు సార్, ఉరుములకి కింద ఒకటి. సెవెన్ పాయింట్ వన్ అంటే చుట్టూ ఏడు. అట్మాస్ అంటే సీలింగులో కూడా ఉంటాయి. వాన పైనుంచే కురుస్తుంది సార్!"

"వాన ఎప్పుడూ పైనుంచే కదండీ కురిసేది," అన్నాను.

"సినిమాల్లో ఇన్నాళ్ళూ గోడల్లోంచి కురిసిందమ్మా. ఎవరూ అడగలేదు."

నిజమే, నేనూ అడగలేదు.

తర్వాత నిజంగానే వాన వేశాడు. నెత్తిమీద పడుతున్నట్టే ఉంది. అమ్మాయి చెయ్యి చాచి చూసి, తడవనందుకు నిరాశపడ్డట్టు మొహం పెట్టింది. ఆయన మాత్రం కళ్ళు మూసుకుని విని, "ఈ స్పీకర్లన్నీ సమానంగా మోగుతున్నాయని ఎవరు చూశారు?" అనడిగారు.

"యాంప్లిఫయర్ తనే చూసుకుంటుంది సార్. దాంతోపాటు చిన్న మైకు వస్తుంది. మీరు కూర్చునే చోట పెడితే, ఒక్కో స్పీకర్నీ మోగించి, విని, తనే సరిచేసుకుంటుంది."

"తను చేసింది సరైందని తనే చెప్పుకుంటుందన్నమాట."

"అవును సార్!" అన్నాడు షాపాయన, మెచ్చుకున్నారనుకుని.

ఇరవై ఏళ్ళుగా ఊళ్ళో కాటాలు తనిఖీ చేసి ముద్రలు వేసే ఇన్‌స్పెక్టరు మా ఆయన. ఏ కాటా తనకి తాను సర్టిఫికెట్ ఇచ్చుకోకూడదు అన్నది ఆయన మతం. నేనేమో స్టాటిస్టిక్స్ పాఠం చెప్పేదాన్ని, ఒక్కసారి చూసి దేన్నీ నమ్మను. మా ఇంట్లో పాలు విరిగాయని తేల్చడానికి కూడా కమిటీ కావాలి.

జూన్ 9

ఐదా, ఏడా.

జూన్ 10

ఏడా, ఐదా.

జూన్ 13

ఏడు పెడితే సోఫా వెనక వాటికి చోటు చాలదు, భోజనాల బల్ల బాల్కనీలో వేసుకోవాలి. కాబట్టి చుట్టూ ఐదు, ఉరుములకి ఒకటి, సీలింగులో రెండు.

"ఫైవ్ పాయింట్ వన్ పాయింట్ టూ," అని ప్రకటించారు ఆయన.

"ఇది స్పీకర్లా నాన్నా, ఫోన్ నంబరా?" అంది అమ్మాయి.

"మీ పెదనాన్న సీలింగులో ఏమీ లేవు," అన్నారు ఆయన. అసలు విషయం అదన్నమాట.

చోటు కోసం నా పుస్తకాల బీరువాని పడకగదిలోకి జరపాలట. నన్నడిగారా అంటే, అడిగారు. నేను వద్దన్నాను. బీరువా వెళ్ళిపోయింది.

జూన్ 19

బిగించారు. ఫిట్టరు ఆయన వయసువాడే, మాట మాటకీ "పర్ఫెక్ట్" అంటాడు. సీలింగుకి రంధ్రం పెడుతూ అన్నాడు, పెచ్చు ఊడి నా మీద పడ్డాకా అన్నాడు.

సోఫా నడుమ, తల ఉండేంత ఎత్తున మైకు పెట్టి మమ్మల్నందరినీ బయటికి పంపాడు. లోపల ఒక్కో స్పీకరూ కూత పెట్టింది. తర్వాత తెర మీద ఫలితం వచ్చింది. అన్నీ సమానమే.

ఆయన వెళ్ళి మైకు ఉన్న చోట కూర్చున్నారు. మళ్ళీ ఒక్కోటీ మోగించమన్నారు.

"ఎడమవైపు వెనకది మూగది," అన్నారు.

"పర్ఫెక్ట్‌గా ఉంది సార్, మెషీన్ చెప్పింది కదా."

"మెషీన్ చెప్పిందనే అడుగుతున్నాను."

నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. నాకు వినబడింది. దూరం కదా, ప్రతిధ్వని అయ్యుంటుంది.

జూన్ 21

షాపువాళ్ళు ఎడమవైపు వెనక స్పీకరు మార్చి ఇచ్చారు. కొత్తదీ మూగదే.

జూన్ 22

ఫిట్టరు విసిగిపోయి, వెనక ఉన్న రెండు స్పీకర్లనీ అటుదిటూ ఇటుదటూ మార్చాడు. ఇప్పటిదాకా బాగా మోగిన కుడిది ఎడమకి రాగానే మూగబోయింది. మూగది కుడికి వెళ్ళి మాట్లాడింది.

ఆయన వెళ్ళి ఆ మూల గోడని వేలితో తట్టి చూశారు. "అయితే లోపం గోడలో ఉంది," అన్నారు.

ఫిట్టరు నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను.

సాయంత్రం ఆ మూల కర్టెన్ తీసేశారు. శబ్దాన్ని తాగేస్తోందట.

జూన్ 23

కర్టెన్ లేకపోవడం వల్ల తేడా ఏమీ లేదు. ఎదురింటివాళ్ళకి మేం కనబడుతున్నాం, అంతే.

ఆయన మైకు చేసిన లెక్కల్ని పక్కన పెట్టి ఆ ఒక్క స్పీకరుకీ చేత్తో శబ్దం పెంచారు. ఇప్పుడు ఆయనకి సమానంగా ఉందట. తెర మీద ఇద్దరు మనుషులు గుసగుసలాడుకుంటుంటే, సోఫా వెనక ఎడమ మూలలో ఆకు కదిలిన చప్పుడు తలుపు విరిగినట్టు వచ్చింది. అమ్మాయి లేచి నిలబడింది. కింది వాటా ఆవిడ పైకొచ్చి, "మేకులు కొడుతున్నారా అండీ?" అని మర్యాదగా అడిగింది.

"సినిమా అండీ," అన్నాను.

"ఓహో. ఎప్పటికి అవుతుంది?"

"ఎడ్జస్ట్ చేస్తున్నారు."

జూన్ 25

ఆయన ఆఫీసుకి వెళ్ళాక మైకు ఉన్న చోట కూర్చుని విన్నాను. లెక్కలు మళ్ళీ మెషీన్ చెప్పినట్టు పెట్టి విన్నాను. అమ్మాయిని కూర్చోబెట్టి వినమన్నాను. అన్నీ సమానమే. ఇద్దరికీ.

"అమ్మా, నాన్నకి ఎడమ చెవి..."

"రెండు పరిశీలనలతో ఏదీ తేలదు."

"నేను నీ స్టూడెంటుని కాదే."

"ముందు ఆ కర్టెన్ తెచ్చి తగిలించు."

ఈ విషయం గురించి ఇంక రాయను.

జూన్ 26

సోఫా వెనక ఏదో వైరు వదులైనట్టుంది, చూడమన్నాను ఆయన్ని. సోఫా మీద మోకాళ్ళేసి, వెనక గోడ వైపు తిరిగి వంగారు. ఆ సమయంలోనే స్పీకర్లు ఒక్కోటీ మోగించాను.

"ఇదేంటి, ఇది ఇప్పుడు బాగానే మోగుతోంది!" అన్నారు ఎడమ మూల దాని గురించి. అటు తిరిగాక అది ఆయనకి కుడివైపు. "ఆగాగు, ముందున్న కుడిది పోయింది. విన్నావా? ఇప్పటిదాకా బాగుందే అది!"

"అవునా," అన్నాను.

"ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకుతోంది. అయితే యాంప్లిఫయరే." షాపుకి ఫోన్ చేశారు. ఫోను కుడి చెవికి పెట్టుకున్నారు. ఎప్పుడూ కుడి చెవికే. పందొమ్మిదేళ్ళుగా చూస్తున్నాను, ఇవాళ చూశాను.

కారులో నేను ఆయనకి ఎడమవైపు కూర్చుంటాను. భోజనాల బల్ల దగ్గరా ఎడమవైపే. వంటింటికి దగ్గరని నేనే ఎంచుకున్నాను ఆ కుర్చీని. పడుకుంటే కుడి చెవి దిండులో పెట్టి అటు తిరుగుతారు. నేను ఆయన వీపుతో మాట్లాడతాను.

బీరువా రోజు నేను ఎటు నిలబడ్డాను? ఎడమే.

సరే, రాస్తాను. ఆరేళ్ళ కిందట బాల్కనీలో ఆయనతో, "నేను అమ్మాయిని తీసుకుని వెళ్ళిపోదామనుకుంటున్నాను," అన్నాను. కారణాలు ఉన్నాయి. ఇప్పుడు వరసగా రాద్దామంటే అన్నీ చిన్నవిగా కనబడుతున్నాయి, మొత్తంగా మాత్రం ఒకటే: ఈ ఇంట్లో గోడకి చెప్పుకున్నట్టుండేది. ఆ వాక్యం కోసం వారం రోజులు తయారయ్యాను. గట్టిగా అనలేదు, మామూలుగా అన్నాను.

ఆయన, "వాన వచ్చేలా ఉంది. బట్టలు తియ్యి," అన్నారు.

తీశాను. నిజంగానే వాన వచ్చింది. మడతలు పెట్టాను. రెండోసారి ఆ మాట అనడానికి నాకు మళ్ళీ వారం కావాలి, ఆ వారం దొరకలేదు.

విని, విననట్టు ఉండిపోయిన మనిషితో ఆరేళ్ళు కాపురం చేశాననే ఇన్నాళ్ళూ అనుకున్నాను. అలా అనుకునే కొన్ని పండగ చీరలు కట్టుకోలేదు, కొన్ని నవ్వులు నవ్వలేదు. ఇప్పుడేమో ఈ స్పీకరు.

జూన్ 27

చెప్పలేదు.

జూన్ 28

యాంప్లిఫయర్ మార్చే దాకా ఆగుదామనుకుంటున్నాను. మధ్యలో చెబితే షాపువాళ్ళకి గందరగోళం.

జూన్ 30

యాంప్లిఫయర్ మార్చారు. కొత్తదానిలోనూ ఎడమవైపు వెనకది మూగదే. చెప్పలేదు.

ఆయన చెవి ఆయనది, చెప్పాల్సిందే. నేను ఆపుతున్నది ఆ మాటని కాదేమో. ఆ చెవి అప్పటికే పోయిందని తేలితే, ఆరేళ్ళ నా కోపానికి అడ్రసు ఉండదు. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియదు. మా ఇంట్లో అసలే చోటు తక్కువ.

జూలై 2

అమ్మాయి బయటినుంచి వస్తూనే చెప్పులు విసిరేసింది.

"రోడ్డు దాటుతుంటే ఎడమవైపు నుంచి వ్యాను. హారన్ మీద హారన్. నాన్న తాపీగా నడుస్తున్నాడు. నేను చొక్కా పట్టుకుని లాగాను. 'చొక్కా చిరుగుతుందే' అంటున్నాడు! నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నేనే చెప్తాను."

రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. "మీ ఎడమ చెవి సరిగ్గా వినబడటం లేదు, డాక్టరుకి చూపించుకోవాలి," అని స్పష్టంగా అన్నాను. చెప్పలేదని ఎవరూ అనడానికి లేదు.

"పప్పులో ఉప్పు తగ్గింది," అన్నారు ఆయన.

అమ్మాయి చెంచా కింద పెట్టింది. నా కుర్చీ వైపు ఒకసారి చూసింది. దాని చూపులో నేను పరీక్షలో చూసి రాస్తూ పట్టుబడ్డ పిల్లలా ఉన్నాను. లేచి, బల్ల చుట్టూ తిరిగి, ఆయన కుడివైపుకి వెళ్ళి నిలబడింది.

"నాన్నా. నీకు ఎడమ చెవి వినబడటం లేదు. స్పీకరు బాగానే ఉంది. రెండోదీ బాగానే ఉంది. గోడ కూడా బాగానే ఉంది."

ఆయన నమలడం ఆపారు. మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. తర్వాత చూపుడు వేలితో కుడి చెవి మూసుకుని, "ఏదీ, ఏదైనా అను," అన్నారు నాతో.

నేను నోరు తెరిచాను. ఆ క్షణంలో నా నోటిదాకా ఏ వాక్యం వచ్చిందో నాకు తెలుసు. దాన్ని మింగి, "ఉప్పు తెస్తానుండండి," అన్నాను.

ఆయన నా పెదాల వైపు చూస్తూనే ఉన్నారు.

"అన్నావా?" అనడిగారు.

జూలై 5

ఆస్పత్రి. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినబడితే బటన్ నొక్కమంటారు. లోపలికి వెళ్ళే ముందు ఆయన అక్కడ పరీక్ష చేసే పిల్లని అడిగారు:

"ఈ మెషీన్‌ని చివరిసారి ఎప్పుడు తనిఖీ చేశారు?"

నాకు భూమిలోకి వెళ్ళిపోవాలనిపించింది. ఆ పిల్ల విసుక్కోకుండా మెషీన్ని పక్కకి తిప్పి స్టిక్కరు చూపించింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని తేదీ, సంతకం చదివి, తృప్తిగా తల ఊపి లోపలికి వెళ్ళారు. కుడి చెవికి చకచకా నొక్కారు. తర్వాత చాలాసేపు, బటన్ మీద బొటనవేలు పెట్టుకుని, బడిలో పేరు పిలుస్తారని చూసే పిల్లాడిలా కూర్చున్నారు.

ఎడమది చాలావరకు పోయింది. చెవికి వినికిడి మిషను పెట్టుకుంటే కొంత లాభం ఉండొచ్చట. కుడిదానికి ఢోకా లేదు.

"ఎప్పటినుంచి ఇలా అయ్యుంటుంది డాక్టరుగారూ?" అని నేనడిగాను.

"మెల్లమెల్లగా తగ్గుతూ వచ్చిందమ్మా. నాలుగేళ్ళు కావచ్చు, పదేళ్ళు కావచ్చు. పాత పరీక్ష లేదు కాబట్టి చెప్పలేం. ఏం, అప్పుడేదైనా జరిగిందా?"

"లేదండీ. ఊరికే."

నాలుగుకీ పదికీ మధ్య ఆరు ఉంది. ఇలాంటి జవాబు రాస్తే నా విద్యార్థులకి మార్కులు వెయ్యను.

బయటికొచ్చాక మెట్ల మీద ఆయన ఆగారు. "కాటా తనకి తాను ముద్ర వేసుకుంది," అన్నారు. నవ్వుతారేమోనని చూశాను, నవ్వలేదు. నేను కారు దగ్గరికి నడుస్తూ అలవాటుగా ఆయన ఎడమవైపుకి వెళ్ళాను. ఆయన ఆగి, నా వెనకనుంచి తిరిగి వచ్చి, నన్ను తన కుడివైపుకి తెచ్చుకున్నారు.

జూలై 6

బాల్కనీలో నిలబడి చూశాను.

నేను ఆ రోజు ఈ చివర, వాషింగ్ మెషీన్ పక్కన ఉన్నాను. అది ఖాయం, బుట్ట నా చేతిలో ఉంది. ఆయన నడుమ ఉన్నారు. వీధి వైపు తిరిగి ఉంటే నేను ఆయనకి ఎడమ. రెయిలింగుకి ఆనుకుని ఇంటి వైపు తిరిగి ఉంటే కుడి. రెండు రకాలుగానూ నిలబడటం ఆయనకి అలవాటే.

వాన వచ్చేలా ఉందన్నారు కాబట్టి ఆకాశం చూస్తున్నారు, అంటే వీధి వైపే అనుకున్నాను. కానీ ఇంటి వైపు తిరిగితే కిటికీ అద్దంలో కూడా మబ్బు కనబడుతుంది. ఇవాళ ప్రత్యేకంగా చూశాను. కనబడుతోంది.

ఇంకోటి. ఆ మర్నాటినుంచి బట్టలు ఆయనే ఆరేస్తున్నారు, ఆయనే తీస్తున్నారు. ఈ రోజు వరకూ. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. అప్పట్లో ఆయనకి బాల్కనీలో నిలబడటం ఇష్టం అనుకున్నాను. విని ఉంటే అది జవాబు. వినకపోతే అది బట్టలు ఆరెయ్యడం.

నేను బుట్ట పట్టుకుని అటూ ఇటూ తిరగడం చూసి అమ్మాయి, "ఏం వెతుకుతున్నావే?" అంది.

"క్లిప్పు," అన్నాను.

జూలై 9

ఆయన మైకు తీసి అన్నీ మళ్ళీ మెషీన్ చేతే కొలిపించారు. షాపుకి ఫోన్ చేసి, "మీ స్పీకరు తప్పు లేదండీ, తప్పు నా వైపు నుంచే," అని అధికారికంగా చెప్పారు. అటునుంచి షాపాయన ఎంతసేపు ఊపిరి తీసుకోకుండా మాట్లాడాడో మరి, ఆయన కుడి చెవి ఎర్రబడింది.

బావగారు కూడా ఫోన్ చేశారట. "ఒక చెవికి ఎనిమిది స్పీకర్లెందుకురా?" అని.

"ఏమన్నారు మీరు?" అనడిగాను.

"మిగతా ఇద్దరికీ రెండేసి ఉన్నాయి అన్నాను."

సాయంత్రం ముగ్గురం కూర్చున్నాం. ఆయన సోఫాకి ఎడమ చివరికి జరిగి, మైకు పెట్టిన నడుమ చోటు నన్ను తీసుకోమన్నారు. అమ్మాయి నాకు అవతల. ఇప్పుడు మేమిద్దరం, దాదాపు స్పీకర్లన్నీ ఆయనకి కుడివైపే. పాత చోటే ఉన్న ఎడమవైపు వెనకది మాత్రం ఆయన తల వెనక, ఎవరికోసమో మోగుతోంది.

సినిమాలో వాన మొదలైంది. సీలింగులోంచి కురిసింది. బాగుంది, ఒప్పుకుంటున్నాను.

ఆయన నా వైపు కొంచెం వంగి, తెర మీదనుంచి చూపు తిప్పకుండా అన్నారు: "ఇన్నాళ్ళూ నువ్వు అన్నవాటిలో సగం నాకు చేరలేదన్నమాట."

"సగమే అని ఎలా చెప్పగలరు?" అన్నాను. పాఠం చెప్పే గొంతే వచ్చింది.

"ముఖ్యమైనవన్నీ వినబడ్డాయిలే," అన్నారు.

వాన కురుస్తూనే ఉంది. నేను ఆయన మొహంలోకి చూశాను. మామూలు మొహమే, కాటా ముల్లు కదలకుండా నిలిచేదాకా చూసే మొహం. బీరువా సంగతి ముఖ్యమైనవాటిలో ఉందా అని అడగొచ్చు. బాల్కనీ సంగతి అడగొచ్చు. నేను కుడివైపే ఉన్నాను. మెల్లగా అడిగినా వినబడుతుంది.

"పాజ్ చెయ్యనా?" అంది అమ్మాయి. "మీరిద్దరూ మాట్లాడుకుంటున్నారా?"

"లేదు," అన్నాను.

జూలై 10

బట్టలు ఆయనే ఆరేశారు. గది కిటికీలోంచి చూశాను. వీధి వైపు తిరిగి మొదలుపెట్టారు, సగంలో ఇంటి వైపు తిరిగారు.

విన్నారంటే, నన్ను ఆపడానికి ఆయనకి తెలిసింది ఈ బట్టల పనొక్కటే అయ్యుండాలి, లేదా నన్ను అసలు లెక్కచెయ్యకపోయి ఉండాలి. వినలేదంటే, నేను వెళ్ళిపోదామనుకున్న సంగతి ఈ ప్రపంచంలో నాకొక్కదానికే తెలుసు. ఈ మూడింట్లో ఏది నిజమో నాకు తెలియదు. ఏది నిజమైతే నాకు బాగుంటుందో కూడా తెలియదు. అడిగితే చెప్తారు, అబద్ధం చెప్పే మనిషి కాదు. అడగాలా వద్దా, ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.